ఆ ఒక్క బార్ ఎవరిది?

పోయిన మార్చిలో, జర్మనీలో మేముండే లైప్‌జిగ్‌లో ఒకామె పియానో కచేరీకి వెళ్ళాం. మొదలై మూడు నిమిషాలు కూడా కాలేదు, నేను మా ఆవిడ చెవిలో "ఒక బార్ మింగేసింది, విన్నావా" అన్నాను. (బార్ అంటే పాశ్చాత్య సంగీతం రాతలో రెండు నిలువు గీతల మధ్య ముక్క, మన తాళంలో ఆవర్తం లాంటిది.) హాలు చిన్నది, 150 మంది పడతారేమో, అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, నా గుసగుస నాకే పెద్దగా వినపడింది. ముందు వరసలో ఒక పెద్దాయన మెడ తిప్పి నన్ను చూశాడు. ఏమీ అనలేదు. ఈ దేశంలో కొన్నాళ్ళున్నవాళ్ళకి తెలుసు, ఆ చూపు కంటే రెండు తిట్లు తిట్టినా నయం.

అప్పుడు వాయిస్తున్నది 18వ శతాబ్దపు జర్మన్ సంగీతకారుడు బాఖ్ రాసిన సి మేజర్ ప్రెల్యూడ్, ఒక చిన్న ముక్క. పేరు తెలియకపోయినా మీరు వినే ఉంటారు, ఏ పెళ్ళి వీడియోలోనో, ఏ హోటల్ లాబీలోనో. నాకు కళ్ళు మూసుకుని వాయించగలిగిన ముక్క ఏదైనా ఉందంటే అదొక్కటే. పదకొండేళ్ళప్పుడు నేర్చుకున్నాను. అందులో ఎన్ని బార్లున్నాయో నాకు కాక ఇంకెవరికి తెలుస్తుందని ధీమా. ఇంటికొచ్చి చూసుకుంటే తెలిసింది, ఆమె ఏదీ మింగలేదు. 30 ఏళ్ళుగా నేనే ఒక బార్ ఎక్కువ వాయిస్తున్నాను.

సికింద్రాబాద్‌లో మా స్కూలు వెనక వీధిలో ఒక ఆంగ్లో ఇండియన్ టీచర్ ఇంట్లోనే పియానో నేర్పేవారు. పిల్లలందరం మిస్ అనే పిలిచేవాళ్ళం. గోడకి ఆనించిన పాత నిలువు పియానో. వానాకాలం వచ్చిందంటే చెక్క ఉబ్బిపోయి మధ్యలో మూడు మెట్లు నొక్కితే లోపలే ఉండిపోయేవి, వాటిని గోటితో మళ్ళీ పైకి లాగాలి. జులైలో మొదలుపెట్టిన పాఠం అక్టోబరుకి గానీ సరిగ్గా వినపడేది కాదు. పుస్తకం జిరాక్స్‌కి జిరాక్స్, అట్ట కూడా లేదు. అది 19వ శతాబ్దపు ఏదో ఎడిషన్‌కి నకలని ఇప్పుడు తెలుస్తోంది, ఎందుకంటే దాన్నిండా సూచనలే: ఇక్కడ మెత్తగా, ఇక్కడ పెంచు, ఇక్కడ తగ్గించు, ఇక్కడ నాలుగో వేలు. బాఖ్ చేతిరాతలో ఇవేవీ లేవు. ఎంత వేగంగా వాయించాలో కూడా ఆయన రాయలేదు. వట్టి స్వరాలు రాసి వదిలేశాడు.

ఆ ప్రెల్యూడ్ చూడ్డానికి చాలా తేలిక. ఎడమచేత్తో రెండు స్వరాలు, కుడిచేత్తో మూడు, ఆ మూడే మళ్ళీ ఒకసారి, మొత్తం ఎనిమిది. ఆ ఎనిమిదీ ఇంకోసారి వాయిస్తే ఒక బార్ అయిపోయినట్టే. 32 బార్ల దాకా ఇదే ముగ్గు, చుక్కలు మాత్రం మారుతుంటాయి. పాట అనదగ్గది ఎక్కడా లేదు. అయినా మనసు ఎక్కడికో వెళ్ళిపోతుంది, ఎందుకంటే అసలు కథంతా కింద మంద్రంలో నడుస్తుంటుంది. 22వ బార్‌లో ఆ కింది స్వరం ఎఫ్ షార్ప్. 23లో ఎ ఫ్లాట్. 24లో జి. ఇప్పుడు హార్మోనియం మీద చూడండి: ఎఫ్ షార్ప్‌కీ ఎ ఫ్లాట్‌కీ మధ్యలో ఉండేది జి. అంటే బాఖ్ నేరుగా జికి వెళ్ళకుండా, దాని మీదుగా అవతలకి దూకి, అక్కడ ఒక క్షణం మనల్ని గాల్లో వేలాడదీసి, అప్పుడు వెనక్కొచ్చి జి మీద దిగుతాడు. మెట్లు దిగుతూ ఉండగా ఒక మెట్టు కాలికి తగలకపోతే గుండె ఎలా గుభేలుమంటుందో సరిగ్గా అలా ఉంటుంది.

18వ శతాబ్దం చివర్లో హాంబుర్గ్‌లో ష్వెంకే అనే సంగీతకారుడికి ఈ గెంతు నచ్చలేదు. ఇది రాతలో దొర్లిన పొరపాటై ఉంటుంది, మధ్యలో ఒక బార్ జారిపోయి ఉంటుంది అనుకున్నాడో ఏమో, 22కీ 23కీ మధ్య జి మీద ఒక బార్ తనే రాసి పెట్టాడు. ఎఫ్ షార్ప్, జి, ఎ ఫ్లాట్, జి. చక్కగా, నున్నగా, ఎక్కడా కాలు జారదు. ఆ బార్ అచ్చుపుస్తకాల్లోకి ఎక్కింది. 1853లో ఫ్రెంచివాడు గూనో ఈ ప్రెల్యూడ్ మీద తన పాట ఒకటి కట్టాడు, అదే తర్వాత ఆవే మరియా అయి చర్చీలన్నీ తిరిగింది, అందులోనూ ఆ బార్ ఉంది. అలా తిరిగి తిరిగి సికింద్రాబాద్‌లో అట్టలేని జిరాక్స్ దాకా వచ్చి నా వేళ్ళలో కూర్చుంది.

ఇదంతా ఇంట్లో చెప్తే మా ఆవిడ, విజయవాడలో పదేళ్ళు సంగీతం నేర్చుకున్న మనిషి, పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అంటే అది మీ మిస్ పాఠాంతరం అన్నమాట" అంది. త్యాగరాజస్వామి కృతుల్లో ఏ సంగతులు ఆయనవో, ఏవి శిష్యులు చేర్చినవో విడదీయడానికి కూర్చుంటే తెల్లారిపోతుంది, మీరు ఒక్క బార్‌కే ఇంత హైరానా పడుతున్నారేంటి అని ఆవిడ భావం. ఆ మాట నాలో ఉండిపోయింది. నిజానికి ఈ వ్యాసం సగం ఆవిడదే.

సరే, కచేరీకి వద్దాం. "బరోక్ నుంచి రొమాంటిక్ దాకా" అని పోస్టర్. ఇలాంటి కార్యక్రమాలు ఇక్కడ నెలకొకటి ఉంటాయి. (బరోక్ అంటే బాఖ్ కాలం నాటి సంగీతం. రొమాంటిక్ అంటే డ్యూయెట్ అనుకునేరు, 19వ శతాబ్దపు సంగీతానికి పెట్టిన పేరది, అంతే.) వాటిలో వరస దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు బాఖ్, లేకపోతే స్కార్లాటీ. జనం ఇంకా కోట్లు సర్దుకుంటూ ఉంటారు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని తలుపు దగ్గర ఆపి ఉంచుతారు, దగ్గులు ఇంకా సద్దుమణగవు. ఆ పది నిమిషాలకీ బాఖ్. ఆ తర్వాత షోపాన్, షూమన్, బ్రామ్స్ వచ్చి హాలుని ఏడిపించి పంపిస్తారు. మన కచేరీల్లో "వర్ణం అయ్యాక వెళ్దాంలే" అని క్యాంటీన్‌లో ఇంకో కాఫీ చెప్పేవాళ్ళుంటారు చూడండి, ఇక్కడ బాఖ్‌కి పట్టిన గతీ అదే. వేళ్ళు వేడెక్కించుకోవడానికి పనికొచ్చే పెద్దమనిషి. ముందు లెక్కలు, తర్వాత కన్నీళ్ళు. కార్యక్రమం కాగితంలో కూడా అలాగే రాస్తారు, కఠినమైన నియమాల నుంచి హృదయం విచ్చుకున్న దాకా సాగిన ప్రయాణమట.

నాకు ఈ వరస మీదే కోపం.

ఆ రోజు వాయించినామె ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ముందు షోపాన్. ఆయన 24 ప్రెల్యూడ్‌లలో మొదటిది, సి మేజర్‌లోనే, 34 బార్లు, నిమిషం కూడా పట్టదు, ఎవరో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో ఆయాసపడుతూ ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టుంటుంది. చివరి స్వరం ఇంకా గాల్లో ఉండగానే, పెడల్ మీంచి కాలు తీయకుండా, బాఖ్ సి మేజర్ మొదలుపెట్టింది. చప్పట్లకి సందివ్వలేదు. ఒకే శ్రుతి, అదే రకం అల్లిక, చేతులు కూడా ఇంచుమించు అక్కడక్కడే. షోపాన్ పొద్దున్నే లేచి ఎవరింటి వాకిట్లో నీళ్ళు చల్లాడో ఆ ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఇదే రెండూ తిరగేసి ముందు బాఖ్, తర్వాత షోపాన్ వాయిస్తే "చూశారా, సంగీతం ఎంత ఎదిగిందో" అనిపించేది. ఇటునుంచి వాయిస్తే అలా అనిపించదు. షోపాన్ ఆయాసం తగ్గి మనిషి కుర్చీలో కూర్చున్నాక, అసలు చెప్పాలనుకున్నది నింపాదిగా చెప్తున్నట్టుంది బాఖ్. ఆ నింపాదితనంలోనే 22 నుంచి 23కి ఆ గెంతు. నేను నోరుజారింది అక్కడే.

షోపాన్ ఈ 24 ప్రెల్యూడ్‌లని పూర్తిచేసింది 1838-39 చలికాలంలో, స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవిలో, వాల్దెమోసా అనే ఊళ్ళో పాడుబడ్డ ఆశ్రమం గదిలో. ఊపిరితిత్తుల జబ్బు, వాన, చలి, పారిస్ నుంచి రావాల్సిన ప్లెయెల్ పియానో కస్టమ్స్‌లో ఇరుక్కుని జనవరికి గానీ రాలేదు. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ గది నిలువెత్తు శవపేటికలా ఉందని వర్ణిస్తూ, అక్కడ తన దగ్గరున్న వస్తువులు చెప్తాడు: బాఖ్, నా పిచ్చి గీతలు, ఇంకెవరివో పాత కాగితాలు. అంత దూరం మోసుకెళ్ళిన బాఖ్ అంటే వెల్ టెంపర్డ్ క్లావియర్ అనే పుస్తకం, మన సి మేజర్ ప్రెల్యూడ్ అందులో మొదటిదే. 1722లో ఒక భాగం, ఇంకో 20 ఏళ్ళకి రెండో భాగం. 12 శ్రుతుల్లోనూ మేజర్‌లో ఒక జత, మైనర్‌లో ఒక జత, ఒక్కో భాగంలో 24 ప్రెల్యూడ్‌లూ 24 ఫ్యూగ్‌లూ (ఫ్యూగ్ అంటే ఏంటో తర్వాత చెప్తాను). ఇది వివరిస్తే మా ఆవిడ "అంటే పన్నెండు శ్రుతుల్లో రెండే రాగాలా?" అంది. 72 మేళకర్తలు బట్టీపట్టిన మనిషికి అలాగే అనిపిస్తుంది, తప్పులేదు. షోపాన్ ఆ 24నే తీసుకుని వరస మాత్రం మార్చాడు, బాఖ్ ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతే ఈయన పంచమం తర్వాత పంచమం పట్టుకుని చుట్టూ తిరిగాడు. ఫ్యూగ్‌లు వదిలేశాడు. కచేరీలకి ముందు తలుపేసుకుని తన రచనలు కాకుండా బాఖ్‌ని సాధన చేసేవాడని ఆయన శిష్యులు చెప్పుకున్నారు.

ఇక్కడొక అపోహ గురించి చెప్పాలి. 1750లో బాఖ్ పోయాక లోకం ఆయన్ని మర్చిపోయింది, 1829లో మెండెల్సన్ తవ్వి తీశాడు అంటారు. సగం నిజం. ఆ ఏడాది మార్చి 11న బెర్లిన్‌లో మెండెల్సన్, ఇరవై ఏళ్ళ కుర్రాడు, సెయింట్ మాథ్యూ పాషన్‌ని మళ్ళీ వినిపించిన మాట నిజమే. మరుగున పడ్డవి అలాంటి పెద్ద గాత్ర రచనలు. ఈ 48 జతలు మాత్రం ఎన్నడూ మరుగున పడలేదు. 1801 దాకా అచ్చే కాలేదు, అయినా గురువు దగ్గర చూసి శిష్యుడు రాసుకుని, వాడి దగ్గర ఇంకొకడు రాసుకుని, చేతిరాతల్లోనే బతికాయి. బాన్‌లో చిన్నపిల్లాడు బీథోవెన్ వాటిని వాయిస్తున్నాడని వాళ్ళ గురువు 1783లోనే రాశాడు. మనకి ఇది కొత్తేం కాదు. మన సంగీతం ఎన్ని తరాలు ఇలాగే కదా నడిచింది. చేతులు మారిన ప్రతిసారీ ఒకరు ఒక సంగతి వేస్తారు, ఒకరు ఒక బార్ చేరుస్తారు.

నేను పదేళ్ళుగా ఉంటున్న ఈ లైప్‌జిగ్‌లో ఇదంతా కాళ్ళకింద తగులుతుంటుంది. బాఖ్ 1723 నుంచి పోయేదాకా పనిచేసిన టోమాస్ చర్చికి మా ట్రామ్ స్టాపు నుంచి నడిచే వెళ్ళొచ్చు. మెండెల్సన్ 1835లో ఇక్కడి గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాకి వచ్చాడు, 1840 ఆగస్టులో అదే చర్చిలో ఒక్కడే కూర్చుని ఆర్గన్ కచేరీ చేసి ఆ టికెట్ల డబ్బుతో బాఖ్‌కి స్మారకం కట్టడానికి పూనుకున్నాడు, అది 1843లో లేచింది, ఇప్పటికీ ఉంది. మెండెల్సన్ విగ్రహాన్ని మాత్రం 1936లో నాజీలు రాత్రికి రాత్రి పీకేశారు, యూదు కుటుంబంలో పుట్టాడని. 2008లో అలాంటిదే చేయించి టోమాస్ చర్చి పక్కనే పెట్టారు. పియానిస్టు క్లారా పుట్టింది ఈ ఊళ్ళో, రాబర్ట్ షూమన్‌తో కాపురం మొదలుపెట్టింది ఈ ఊళ్ళో, వాళ్ళ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. వెల్ టెంపర్డ్ క్లావియర్‌ని రోజూ తినే రొట్టె చేసుకోమని కుర్ర సంగీతకారులకి చెప్పింది ఆ షూమనే. మనమైతే అన్నం అంటాం. పెరుగన్నం అని నేనంటాను, ఎన్ని విందులు తిన్నా చివరికి అదే కావాలి.

మళ్ళీ పియానో దగ్గరకి. ఈ ఊరి యూనివర్సిటీ వాద్యాల మ్యూజియంలో 1726 నాటి పియానో ఒకటి ఉంది, క్రిస్టోఫోరి చేసినది. ఫ్లారెన్స్‌లో 1700 ప్రాంతంలో పియానోని కనిపెట్టింది ఆయనే, ఆయన చేతి పియానోలు ప్రపంచం మొత్తంలో మూడే మిగిలాయి. చూస్తే బొమ్మలా ఉంటుంది, నాలుగు స్థాయిలే, మెట్లు సన్నగా. అప్పట్లో ఇంటింటా ఉన్నది హార్ప్‌సికార్డ్. అందులో మెట్టు నొక్కితే పక్షి ఈక ముక్క ఒకటి తీగని మీటుతుంది, వీణ మీటినట్టు. కాకపోతే ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా మోత ఒకటే. బాఖ్‌కి తెలిసిన వాద్యాల్లో ఇదొకటి, చెవి దగ్గర పెడితే గానీ వినపడని క్లావికార్డ్ ఇంకొకటి, ఆపైన ఆర్గన్. పియానో ఆయనకి అసలు తెలియదా అంటే తెలుసు. సిల్బర్‌మన్ అనే ఆయన చేసిన మొదటి పియానోలు చూసి పై స్థాయి పీలగా ఉంది, మెట్లు బరువుగా ఉన్నాయి అని పెదవి విరిచాడు. తర్వాత బాగుచేసినవి మెచ్చుకున్నాడు. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ముందు వాయించింది వాటి మీదే. 1749లో ఒక పియానో అమ్మకానికి రసీదు మీద సంతకం పెట్టాడు కూడా. అంటే పోయేముందు ఏడాది బాఖ్ పియానో అమ్మకం చూసిపెట్టాడన్నమాట! నాకు ఆ రసీదు సంగతి ఎన్నిసార్లు తలచుకున్నా నవ్వొస్తుంది.

అయితే ఆ పియానోకీ, ఆ రాత్రి వేదిక మీదున్నదానికీ పోలిక లేదు. ఇనుప చట్రం, తీగలన్నీ కలిపి ఇరవై టన్నుల దగ్గర లాగుతుంటాయి, ఉన్ని చుట్టిన సుత్తులు, పెడల్ నొక్కితే హాలంతా మోగే గంట. ఇది పూర్తిగా 19వ శతాబ్దపు యంత్రం. దీని మీద బాఖ్‌ని వాయించడమంటేనే ఆయన్ని 19వ శతాబ్దపు ఇంట్లో కూర్చోబెట్టడం. ఒక స్వరాన్ని కొంచెం పెంచి, ఒకదాన్ని తగ్గించి, నాలుగు గొంతుల్లో ఒకదాన్ని ముందుకి తెచ్చి వినిపించడం, ఇదంతా షూమన్‌లూ బ్రామ్స్‌లూ నేర్పిన చెవి. కాబట్టి పియానో కచేరీలో "ముందు బరోక్, ఆ తర్వాత రొమాంటిక్" అనేది అసలు జరగదు. మొదటి స్వరం నుంచీ మనం వింటున్నది రొమాంటిక్ కాలం తలచుకున్న బాఖ్‌నే. ఆయన్ని మొదట నిలబెట్టి చరిత్ర పాఠం చెప్పడం దొంగలెక్క.

ఇంకో తమాషా, ఆ వరస కూడా రొమాంటిక్‌లదే. ఇలాంటి పియానో కచేరీకి వాడే రెసిటల్ (అప్పజెప్పడం) అనే మాటే 1840 జూన్‌లో లండన్‌లో ఫ్రాంజ్ లిస్ట్ కచేరీ ప్రకటనతో వాడుకలోకొచ్చింది, పియానో మీద పద్యం ఎలా అప్పజెప్తారయ్యా అని జనం నవ్వుకున్నారట. ముందు ఒక బాఖ్ ఫ్యూగ్, తర్వాత బీథోవెన్, ఆ తర్వాత సొంతకాలం వాళ్ళు అనే అలవాటు స్థిరపడింది క్లారా షూమన్ కచేరీల రోజుల్లో. 1885-86లో ఆంటన్ రూబిన్‌స్టైన్ ఏడేసి కచేరీల్లో పియానో చరిత్రంతా కాలక్రమంలో ఊరూరా వాయించి చూపించాడు. వాళ్ళకి అవసరం ఉంది, బాఖ్‌ని జనానికి పరిచయం చేయాలి, పెద్దపీట వేయాలి. మొదటి చోటు అప్పట్లో గౌరవం. ఇప్పుడది క్యాంటీన్ టైమ్. అలవాటు మిగిలింది, కారణం పోయింది.

ఇదంతా చదివి హార్ప్‌సికార్డ్ అభిమానులు నా మీదకి వస్తారని తెలుసు. బాఖ్‌ని ఆయన వాద్యం మీదే వినాలి, పియానో మీద వాయిస్తే పెడల్ వేసి బురద చేస్తారు అంటారు. జూన్‌లో ఇక్కడ బాఖ్ ఉత్సవాలు జరుగుతాయి, వాటిలో హార్ప్‌సికార్డ్ వినే నాకు బాఖ్‌లో డాన్స్ ఉందని తెలిసింది, ఆ చురుకు పియానోకి చచ్చినా రాదు. వాళ్ళ వాదనలో బలముంది. రొమాంటిక్‌ల బాఖ్ కొంచెం గంభీరమైన పెద్దాయన, గుళ్ళో కూర్చున్నట్టుంటాడు, నిజమే. కానీ వాళ్ళు చెప్పేది ఒప్పుకుంటే పియానోవాళ్ళు బాఖ్‌ని వదిలేయాలి. అంటే నా మిస్, నా జిరాక్స్, వానాకాలం మెట్లు, అన్నీ తప్పే. షోపాన్ తలుపేసుకుని వాయించిందీ తప్పే. అంత దూరం నేను రాలేను. శుద్ధమైన పాఠం కావాలనుకోవడం మంచిదే, పాఠాంతరాలన్నిటినీ కల్తీ అనడం మాత్రం నాకు నచ్చదు.

ష్వెంకే బార్ సంగతేంటి మరి, అదీ పాఠాంతరమే కదా, ఉంచేద్దామా అంటే... అక్కడే నాకు తిరకాసు. ఆ బార్ మంచి చేర్పు కాదు. అది భయం. గుభేలుమనే చోట చాపేశాడాయన. ఆ గెంతు 1722లోది, దాన్ని నున్నగా చేసింది తర్వాతి కాలం. లెక్కల మనిషి అని మనం చెప్పుకునే బాఖ్ తెగించినచోట భావాల మనుషులు వందేళ్ళు జంకారు. "కఠినమైన నియమాల నుంచి హృదయం దాకా" అని కాగితంలో రాసేవాళ్ళు ఈ ఒక్క బార్ చూస్తే చాలు.

మంచి పాఠాంతరం అంటే ఏంటో విరామం తర్వాత వినపడింది. బాఖ్ చకోన్. మొదట ఒంటరి వయొలిన్ కోసం రాసింది, డి మైనర్, పావుగంట దాకా సాగుతుంది. దీన్ని పియానోకి మార్చినవాళ్ళలో బుసోని పేరు ఎక్కువ, ఆయనది రెండు చేతులా ఉరుములు. ఈమె వాయించింది బ్రామ్స్ 1877లో చేసినది, ఎడమచేతికి మాత్రమే. ఎందుకు ఎడమచెయ్యి? ఒక చిన్న వాద్యం కోసం, ఒక్క వరస గీతల మీద ఈ మనిషి ఒక ప్రపంచాన్నే రాసేశాడు, నేనే గనక ఇది రాసి ఉంటే ఆ ఉద్వేగానికి పిచ్చెక్కిపోయేది అన్నట్టు క్లారాకి ఉత్తరం రాస్తాడు బ్రామ్స్. రెండు చేతులు వాడితే తేలికైపోతుంది, ఒక్క చేత్తో అయితే వయొలిన్ వాళ్ళు పడే అవస్థ తనకీ తెలుస్తుందని ఆయన ఆలోచన. ఆ నోట్స్ చేరేసరికి క్లారా సరిగ్గా అప్పుడే కుడిచేతి నరం బెణికి కూర్చుని ఉంది. ఆయనకి తెలియదు.

నేను ఆమె కుడిచెయ్యినే చూస్తూ కూర్చున్నాను. మొదట ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి బెంచీ అంచు పట్టుకుంది, ఎడమచెయ్యి పైస్థాయిలకి వెళ్ళినప్పుడు ఒళ్ళు పడిపోకుండా. మధ్యలో మేజర్‌లోకి తిరిగే చోట, పొద్దున్నే కిటికీ తెరిచినట్టుంటుంది అక్కడ, ఆ కుడిచెయ్యి వేళ్ళు బెంచీ మీద వాటంతటవే కదిలాయి, పక్కన కూర్చున్న చంటిపిల్లాడు పెద్దవాళ్ళతో పాటు పెదాలు కదిపినట్టు. బాఖ్ స్వరాలకి బ్రామ్స్ చేర్చింది దాదాపు ఏమీ లేదు, ఒక స్థాయి కిందకి దించాడు, అంతే. కష్టం మాత్రం తగ్గించలేదు. ష్వెంకే చేసింది గుంత పూడ్చడం, బ్రామ్స్ చేసింది ఆ గుంతలో తను కూడా దిగడం.

మెండెల్సన్ ఇ మైనర్ ప్రెల్యూడ్, ఫ్యూగ్ కూడా వాయించింది మొదటి సగంలో. ఫ్యూగ్ అంటే ఒకరు మొదలుపెట్టిన మాటని రెండోవారు అందుకోవడం, మొదటివారు ఆపకుండా పక్కన వేరే మాట చెప్తూ ఉండడం, మూడోవారు, నాలుగోవారు, మన ఇళ్ళలో పండగ రోజు వంటింట్లో జరిగేదే, కాకపోతే అందరి మాటా అర్థమవుతుంది. మెండెల్సన్ దాన్ని అంతకంతకూ వేగం పెంచుకుంటూ పోయి ఉన్నట్టుండి ఒక కీర్తనలోకి తెరుస్తాడు. అద్భుతంగానే ఉంటుంది. నాకు కొంచెం సినిమా క్లైమాక్స్‌లా కూడా ఉంటుంది, అదొక్కటే ఫిర్యాదు.

చివరగా బ్రామ్స్, బాఖ్ కాలంవాడే అయిన హాండెల్ పాట మీద వేరియేషన్లు. 1861లో క్లారా పుట్టినరోజు కానుకగా రాసింది. హాండెల్ ముక్క ఎనిమిది బార్లే, పిల్లలు కూడా వాయించొచ్చు, దాని మీద 25 రకాలుగా అల్లి చివర్లో ఒక పెద్ద ఫ్యూగ్. మన వాళ్ళకి చెప్పాలంటే ఒక్క లైన్ తీసుకుని గంట నెరవు చేయడం లాంటిది, ఈయన అరగంటలోపే ముగిస్తాడు. ఒకటి హంగరీ ఊరేగింపులా ఉంటుంది, ఒకటి తాళం తిప్పే బొమ్మపెట్టె, ఒకచోట రెండు చేతులూ ఒకదాన్నొకటి వెంబడిస్తుంటాయి. పాత రూపాలని చేతిలోకి తీసుకోవడం తెలిసినవాడుంటే వాటితో ఇంకా ఏం చేయొచ్చో చూడండి అని దీన్ని విని వాగ్నర్ అన్నాడంటారు, బ్రామ్స్ అంటే పడని వాగ్నర్. ఆఖరి ఫ్యూగ్ అయ్యేసరికి ముందు వరస పెద్దాయన లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. బయటికొచ్చేటప్పుడు కోట్ల దగ్గర ఆయన నన్ను గుర్తుపట్టి తల పంకించాడు, క్షమించాడనే అనుకుంటున్నాను.

ఈ ఊళ్ళో రాత్రి పది దాటాక గోడ అవతలకి ఏ చప్పుడూ వెళ్ళకూడదు, కాబట్టి నా డిజిటల్ పియానో హెడ్‌ఫోన్స్‌తోనే. నిన్న రాత్రి మళ్ళీ సి మేజర్ తీశాను, ఈసారి బాఖ్ చేతిరాతని బట్టి వేసిన కొత్త పుస్తకం ముందు పెట్టుకుని. 22వ బార్ అయింది, వేళ్ళు పుస్తకాన్ని లెక్కచేయకుండా జి మీదకి వెళ్ళిపోయాయి. ఆపి మళ్ళీ మొదటి నుంచి. ఈసారి గెంతాను, గెంతగలిగాను కానీ తప్పు వాయించినట్టే ఉంది. మూడోసారి 22 దగ్గర చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

సోఫాలో బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ ఏదో అంది. హెడ్‌ఫోన్స్ తీశాను.

"ఇప్పుడు ఎవరిది వాయిస్తున్నారు, బాఖ్‌దా, మీ మిస్‌దా?"

"నీకెలా వినపడింది?"

"వినపడలేదు. చెయ్యి ఆగింది కదా, చూశాను."